వుహాన్‌లో ఐదేళ్లు: గడప దాటకుండా మహానగరం చూసే చిట్కాలు

వుహాన్‌లో ఎంబీబీఎస్ సీటు వచ్చిందా? అభినందనలు. యాంగ్జీ, హాన్ నదులు కలిసేచోట వుచాంగ్, హాన్‌కౌ, హాన్‌యాంగ్ అనే మూడు పట్నాలు కలిసిపోయిన ఊరది. జనాభా కోటి పైమాటే. తిరగాలంటే ఐదేళ్లూ చాలవు, పైగా కాళ్ల నొప్పులు. మనకు కావలసింది తిరిగామన్న పేరు. ఆ పేరు సులువుగా ఎలా వస్తుందో చెబుతాను. ఒక్క చిట్కా కూడా వదలకండి.

1. ఐదేళ్ల ఫొటోలు మొదటి ఆదివారమే తీసేసుకోండి. ఎల్లో క్రేన్ టవర్‌కు నాలుగు చొక్కాలు, ఒక స్వెట్టరు, ఒక మఫ్లరు పట్టుకెళ్లండి. టికెట్టు కొనకండి, రోడ్డు మీంచి గోపురం బాగానే పడుతుంది. ఇప్పుడున్న కట్టడం 1985లో పూర్తయింది, లోపల లిఫ్టు కూడా ఉంది. అయినా పైదాకా వెళ్లడం దేనికి? నది కనిపిస్తుంది, అంతే. చైనాలో కొలిమి నగరాలని పేరున్నవాటిలో వుహాన్ ఒకటి కాబట్టి సెప్టెంబరులో స్వెట్టరు వేసుకుంటే చెమటలు కారతాయి. ఓర్చుకోండి, అది జనవరి ఫొటో. పచ్చని ఆకులు మాత్రం ఫ్రేములో పడనీయకండి. నెలకొకటి చొప్పున స్టేటస్‌లో పెట్టుకుంటూ పోండి.

2. మ్యూజియానికి సోమవారమే బయల్దేరండి. హూబే ప్రాంతీయ మ్యూజియంలో 1978లో తవ్వకాల్లో దొరికిన 65 కంచు గంటలున్నాయి, రెండువేల నాలుగువందల ఏళ్ల నాటివి. ప్రవేశం ఉచితం. సోమవారం సెలవు. గేటు మూసి ఉంటుంది కాబట్టి "వెళ్లాను, మూసేశారు" అన్న మాటలో అబద్ధం ఉండదు. స్నేహితులు ఆదివారం రమ్మంటే తలనొప్పి అనండి.

3. దారికి గూగుల్ మ్యాప్‌నే నమ్ముకోండి. అక్కడివాళ్లు గావ్‌దె అనే మ్యాప్ వాడతారు. దాని జోలికి పోకండి, కొత్త యాప్ నేర్చుకోవడం పెద్ద శ్రమ. గూగుల్ అక్కడ వీపీఎన్ లేనిదే తెరుచుకోదు. తెరుచుకున్నా చైనా మ్యాపుల కొలతలు వేరు కావడంతో మీరున్న చోటును కొన్ని వందల మీటర్లు పక్కకు జరిపి చూపించవచ్చు. మీరు ఈస్ట్ లేక్ నీళ్ల మధ్యలో ఉన్నట్టు కనిపించగానే స్క్రీన్‌షాట్ తీసుకోండి. సరస్సు చూసేసినట్టే, వెనక్కి వచ్చేయండి.

4. ఫోను చార్జింగు పది శాతానికి పడ్డాకే బయటికి అడుగు పెట్టండి. ఆ ఊళ్లో మెట్రో నుంచి మొక్కజొన్న కంకి దాకా అన్నీ అలీపే, వీచాట్ మీదే నడుస్తాయి. ఫోను ఆరిపోయిందంటే ఆ పూట తిరుగుడు కూడా ఆగిపోయినట్టే, తప్పు మీది కాదు. జేబులో నోట్లు పెట్టుకోకండి. హాస్టల్ చిరునామా చైనీస్‌లో రాసిన కాగితం అసలే వద్దు, ఎవరైనా దారి చెప్పేస్తారు.

5. రైలు టికెట్టు మీద స్టేషన్ పేరు చదవకండి. వుహాన్, హాన్‌కౌ, వుచాంగ్ మూడూ పెద్ద స్టేషన్లే, ఒకదానికొకటి దూరం. సికింద్రాబాద్‌లో ఎక్కాల్సిన రైలు కోసం కాచిగూడ వెళ్లి కూర్చున్నంత నిశ్చింతగా కూర్చోండి. రైలు పోతుంది, ప్రయాణం తప్పుతుంది. టికెట్లు బుక్ చేసిన స్నేహితుడు ఇంకెప్పుడూ మిమ్మల్ని పిలవడు. ఇకపై ప్రతి సెలవూ మీదే, హాయిగా పడుకోవచ్చు.

6. తిండి విషయంలో అస్సలు లొంగకండి. వుహాన్ వాళ్ల పొద్దుటి ఫలహారం రెగాన్‌మియన్. ముందే ఉడికించి, నూనె పట్టించి ఆరబెట్టిన నూడుల్స్‌ను జాలి గరిటెలో వేసి మరిగే నీళ్లలో ఒక్కసారి ముంచి తీస్తారు. కాగితం గిన్నెలో వేసి, పైన చిక్కటి నువ్వుల ముద్ద, ఊరబెట్టిన ముల్లంగి ముక్కలు, ఉల్లికాడలు వేసి చేతికిస్తారు. వెంటనే కలిపి, నడుస్తూనే తినేస్తారు. మీరు కలపకండి. గిన్నెకు మూతపెట్టి గదికి తెచ్చి, గంటసేపు పక్కన పెట్టండి. నువ్వుల ముద్ద బిగుసుకుని అంతా ఒకే గడ్డ అవుతుంది. అప్పుడొక ముద్ద నోట్లో పెట్టుకుని "ఈ ఊళ్లో తిండి లేదు" అని తేల్చేయండి. ఇంటి నుంచి తెచ్చిన ఆవకాయ, రైస్ కుక్కరు ఉండనే ఉన్నాయి. హాస్టల్లో కుక్కరు నిషేధమైతే మంచం కింద దాచి వాడండి. ఫ్యూజు పోయి అంతస్తంతా చీకటైతే అందరికంటే ముందు మీరే కేకలు వేయండి.

7. చైనీస్ నేర్చుకోకండి. పాఠాలు ఇంగ్లీషులోనే కదా. వార్డులో పెద్దాయన పొట్ట పట్టుకుని స్థానిక యాసలో ఏదో చెబుతుంటే చిరునవ్వుతో తల ఊపండి. కేసు షీటు పక్కవాడిది చూసి రాసుకోవచ్చు.

8. రెండున్నర గంటల తేడాను వాడుకోండి. మనకంటే వాళ్ల గడియారం ముందుంటుంది. అమ్మ ఉదయం ఏడింటికి ఫోన్ చేస్తే అక్కడ తొమ్మిదిన్నర. "క్లాసులో ఉన్నానమ్మా" అని దుప్పట్లోంచే గుసగుసలాడండి. రాత్రి తొమ్మిదిన్నరకు చేస్తే "ఇక్కడ అర్ధరాత్రమ్మా" అనేయండి. నాన్నకు మాత్రం మీరే ఫోన్ చేయాలి, నెలాఖరున. "స్టడీ టూర్ నాన్నా, పంపకపోతే మార్కులు పోతాయి" అంటే చాలు.

9. హాస్టల్ వదిలి స్నేహితుడి ఫ్లాట్‌లో చేరండి. అక్కడ వార్డెన్ ఉండడు. 24 గంటల్లో పోలీస్ స్టేషన్లో పేరు నమోదు చేయించుకోవాలని చట్టం. క్యూలో నిలబడే ఓపిక ఎవరికుంది? మహా అయితే 2,000 యువాన్ల వరకు జరిమానా. ఆ డబ్బు కోసం అనుమతి లేకుండా పిల్లలకు ఇంగ్లీషు పాఠాలు చెప్పండి. అది దొరికితే 5,000 నుంచి 20,000 యువాన్లు. కేసు ముదిరితే 5 నుంచి 15 రోజుల నిర్బంధం, అక్కడ హాజరు పట్టీ ఉండదు. వీసా గడువు తేదీ కూడా చూసుకోకండి. దాటిన ప్రతి రోజుకూ 500 యువాన్లు పడతాయి, పదివేలకు మించి వేయరు. తిప్పి పంపేస్తే మరీ మంచిది, ఏడాది నుంచి ఐదేళ్ల దాకా మళ్లీ రానివ్వరు. "మిగిలిన ఊరెప్పుడు చూస్తావు?" అని అడిగేవాళ్లకు అంతకంటే గట్టి జవాబు లేదు.

10. చదువు మధ్యలో ఆగిందని దిగులొద్దు. 54 నెలల కోర్సు, అదే కాలేజీలో 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉండాలని మన జాతీయ వైద్య కమిషన్ నిబంధన. ఆ తర్వాత 300 మార్కుల పరీక్షలో 150 తెచ్చుకోవాలి. ఇవేవీ మీకు వర్తించవు, ఆ బాదరబందీ తప్పింది. తిన్నగా అమీర్‌పేటలో ఒక గది అద్దెకు తీసుకుని చైనా చదువుల కన్సల్టెన్సీ తెరవండి. స్వెట్టరు ఫొటో పెద్దది చేయించి గోడకు తగిలించండి. వచ్చిన పిల్లలు వుహాన్ ఎలా ఉంటుందని అడిగితే తొమ్మిదో చిట్కా వరకు చెప్పండి. అడ్వాన్సు ముందే కట్టించుకోండి, రసీదు ఇవ్వకండి.