మెరైన్–ఆర్‌వీ బ్యాటరీకి బహిరంగ లేఖ

ట్రైలర్ ముందు భాగంలో, ప్రొపేన్ సిలిండర్ల పక్కన, నల్ల ప్లాస్టిక్ పెట్టెలో కూర్చునే నీకే ఈ ఉత్తరం. అమెరికాలో కొత్తగా ట్రావెల్ ట్రైలర్ కొన్న చాలా కుటుంబాలకు మొదట దక్కేది నువ్వే. డీలరు బేరంలో భాగంగా నిన్ను కూడా పెట్టి ఇస్తాడు. నీ ఒంటి మీద పడవ బొమ్మ, పక్కన ట్రైలర్ బొమ్మ, కింద పెద్ద అక్షరాల్లో ‘మెరైన్–ఆర్‌వీ డీప్ సైకిల్’ అని ఉంటుంది. ఇంక బ్యాటరీ గురించి ఆలోచించాల్సిన పని లేదనుకుని జనం అడవుల్లోకి, ఎడారుల్లోకి పిల్లాపాపలతో బయల్దేరతారు. నా గొడవంతా ఆ భరోసా గురించే.

బ్యాటరీ గుణం దాని పలకల్లో ఉంటుంది. కారు స్టార్ట్ చేసే బ్యాటరీలో సీసం పలకలు పల్చగా, ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. తాళం తిప్పగానే కొన్ని సెకన్ల పాటు వందల ఆంపియర్లు ఇచ్చేస్తే దాని పని అయిపోయింది. వాడిన కాస్తా ఆల్టర్నేటర్ వెంటనే నింపేస్తుంది. అసలైన డీప్ సైకిల్ బ్యాటరీ పని అది కాదు. ఐదో పదో ఆంపియర్లు రాత్రంతా ఇవ్వాలి, సగం దాకా ఖాళీ కావాలి, మర్నాడు నిండాలి, మళ్లీ రాత్రికి సిద్ధం కావాలి. దానికి మందపాటి పలకలు కావాలి. పల్చటి పలకలతో ఆ పని చేయిస్తే పలక మీది పదార్థం వదులై అడుక్కి రాలిపోతుంది. నువ్వు ఈ రెంటికీ మధ్యలో పుట్టినదానివి. పడవ మోటారు స్టార్ట్ చేయాలి, ఆపైన పడవలో లైట్లూ రేడియో నడపాలి అనుకునేవాళ్ల కోసం చేసిన రాజీ నువ్వు. పడవలో ఆ రాజీకి అర్థం ఉంది. ట్రైలర్‌లో స్టార్ట్ చేయడానికి ఇంజనే లేదు కదా! లేని ఇంజన్ కోసం పల్చబరిచిన పలకలను మా పడకగదికి ఎందుకు తగిలించారు?

నీ స్టిక్కరే ఇందుకు సాక్ష్యం. దాని మీద కొట్టొచ్చినట్టు కనిపించే అంకె ఎంసీఏ, అంటే మెరైన్ క్రాంకింగ్ ఆంప్స్. సున్నా డిగ్రీల చలిలో 30 సెకన్ల పాటు ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలవో చెప్పే లెక్క అది. సీసీఏ, అంటే కోల్డ్ క్రాంకింగ్ ఆంప్స్ కూడా అలాంటిదే, కాకపోతే మైనస్ 18 డిగ్రీల దగ్గర కొలుస్తారు. రెండూ ఇంజన్ స్టార్ట్ చేయడానికి పనికొచ్చే అంకెలే. ట్రైలర్‌ను వెచ్చగా ఉంచడానికి రాత్రంతా నడిచే ఫర్నేసు ఫ్యానుకు కావాల్సిన అంకె ఏహెచ్, ఆంప్ అవర్. 100 ఏహెచ్ అంటే 5 ఆంపియర్ల చొప్పున 20 గంటలు ఇవ్వగలగడం. చాలాసార్లు నీ ఒంటి మీద ఆ అంకె కనిపించదు. దాని బదులు రిజర్వ్ కెపాసిటీ అని నిమిషాల్లో రాసి ఉంటుంది. 25 ఆంపియర్లు లాగుతుంటే ఎన్ని నిమిషాలు నిలబడతావన్నది దాని అర్థం. ఆ నిమిషాలను 25తో గుణించి 60తో భాగిస్తే అసలు సంగతి బయటపడుతుంది. 140 నిమిషాలంటే 58 ఆంప్ అవర్లు. నెమ్మదిగా వాడితే ఇంకాస్త ఎక్కువే వస్తుంది. సీసం బ్యాటరీకి ఎంత తొందరపెడితే అంత తక్కువ ఇచ్చే స్వభావం ఉందని 1897లోనే పాయికర్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త సూత్రం కట్టాడు. ఎంత నెమ్మదిగా వాడినా గ్రూప్ 24 సైజులో వచ్చే నీ దగ్గర ఉండేది సుమారు 70 నుంచి 80 ఆంప్ అవర్లు. అందులో సగానికి మించి ముట్టుకోకూడదు. పదేపదే సగం కిందికి దింపితే నీ ఆయుష్షు తొందరగా తరిగిపోతుంది. అంటే ఒక రాత్రికి మాకు నిజంగా మిగిలేది 35, మహా అయితే 40.

మేం టెక్సస్‌లో ఉంటాం. బిగ్ బెండ్ నేషనల్ పార్క్‌లో, రియో గ్రాండే ఒడ్డున, కాటన్‌వుడ్ అనే చిన్న క్యాంప్‌గ్రౌండ్ ఉంది. కరెంటు హుకప్ లేదు, జనరేటర్లకు అనుమతి లేదు. అందుకే అక్కడ నిశ్శబ్దం, అందుకే అక్కడి ఆకాశం కోసం జనం అంత దూరం వస్తారు. చలికాలంలో పగలు హాయిగా ఎండ కాస్తుంది, రాత్రి ఎముకలు కొరికే చలి. మా అమ్మ గుంటూరు నుంచి వచ్చి మాతో ఉన్న చలికాలంలో అక్కడికి తీసుకెళ్లాం. తెల్లవారుజామున మూడింటికి ఫర్నేసు ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది గానీ వెచ్చదనం లేదు. ప్రొపేన్ సిలిండర్ నిండుగానే ఉంది. గాలి గొట్టం దగ్గర చెయ్యి పెడితే చల్లగాలి. ఫర్నేసులో సెయిల్ స్విచ్ అని ఒక చిన్న రేకు ఉంటుంది. ఫ్యాను తగినంత గాలి తోస్తేనే అది కదిలి మంట అంటుకోనిస్తుంది. వోల్టేజి పడిపోతే ఫ్యాను నీరసంగా తిరుగుతుంది, రేకు కదలదు, మంట రాదు. అది భద్రత కోసం పెట్టిన ఏర్పాటు, దాని తప్పేమీ లేదు. నీ వోల్టేజే చాల్లేదు.

మా అమ్మ రెండు దుప్పట్లు కప్పుకుని లేచి కూర్చుంది. ‘‘ఏరా, దీనికి ఇన్వర్టర్ బ్యాటరీ పెట్టించలేదా?’’ అంది.

ఆవిడ ఇంజనీరు కాదు. కానీ కరెంటు కోతల మధ్య సంసారం నడిపిన మనిషి. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఇన్వర్టర్ ఉన్న ఏ ఇంట్లో అడిగినా ఇంటి బ్యాటరీ వేరు, బండి బ్యాటరీ వేరు అని చెప్తారు. పొడవాటి ట్యూబులర్ బ్యాటరీ, 150 ఏహెచ్, ఆర్నెల్లకోసారి మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ పోయడం, ఇవన్నీ మనవాళ్లకు వంటింటి విషయాలంత తెలిసినవి. 1985లో మొదలైన అమరరాజా సంస్థ తిరుపతి దగ్గర కరకంబాడి నుంచి బ్యాటరీలను ఊరూరికీ అందించింది కూడా. అక్కడ మా ఊళ్లో షాపుకెళ్లి బ్యాటరీ కావాలంటే షాపతను అడిగే మొదటి ప్రశ్న ‘‘ఇంటికా అండీ, బండికా?’’ ఇంటికంటే ఎన్ని ఫ్యాన్లు, ఎన్ని లైట్లు, ఎన్ని గంటల కోత అని అడిగి గానీ ధర చెప్పడు. వేల డాలర్ల ట్రైలర్ అమ్మే చోట ఆ ప్రశ్న మమ్మల్ని ఎవరూ అడగలేదు. నీ స్టిక్కర్ వల్ల అడగాల్సిన అవసరమే లేకుండా పోయింది. నువ్వు చేస్తున్న అసలు చెరుపు ఇదీ అని నా అభిప్రాయం. పలకలు పల్చగా ఉండటం కన్నా, ఆ ప్రశ్న ఎవరికీ తట్టకుండా చేయడం పెద్ద తప్పు.

ఆ ప్రశ్న వేసుకుంటే జవాబు ఏమంత కష్టం కాదు. ఫర్నేసు ఫ్యాను నడిచినంతసేపూ 7 ఆంపియర్ల దాకా లాగుతుంది. పది గంటల చలి రాత్రిలో సగం సేపు నడిచినా 35 ఆంప్ అవర్లు. నీ వాటా అక్కడితోనే సరి. నీళ్ల పంపు, లైట్లు, ఫోన్ల చార్జింగు, రాత్రింబవళ్లు ఆరకుండా ఉండే గ్యాస్ డిటెక్టర్ ఇంకా మిగిలే ఉన్నాయి. ఈమధ్య వస్తున్న ట్రైలర్లలో చాలావాటికి గ్యాస్ ఫ్రిజ్ తీసేసి 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ పెడుతున్నారు. అది ఒక్కటే రోజుకు 50 ఆంప్ అవర్ల పైన తినేయగలదు. పైగా చలికి సీసం బ్యాటరీ కుంచించుకుపోతుంది. సున్నా డిగ్రీల దగ్గర అయిదో వంతు దాకా సామర్థ్యం తగ్గుతుంది. ఫర్నేసు ఎక్కువ కావాల్సిన రాత్రే నువ్వు తక్కువ ఇస్తావన్నమాట.

చలి ఒక ఎత్తు, బ్రేకులు ఇంకో ఎత్తు. దారిలో ట్రైలర్ ట్రక్కు నుంచి ఊడిపోతే బ్రేక్‌అవే స్విచ్ లాగబడి ట్రైలర్ బ్రేకులు వాటంతట అవే పడాలి. ఆ బ్రేకులకు అప్పుడు కరెంటు ఇచ్చేది ట్రైలర్ బ్యాటరీయే. నెలల తరబడి స్టోరేజీలో పడి ఉండి గ్యాస్ డిటెక్టరుకు కొద్దికొద్దిగా ఇచ్చుకుంటూ నువ్వు ఖాళీ అయిపోతావు. సగం చార్జితో వదిలేసిన సీసం పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది, అది మళ్లీ కరగదు. అలాంటి బ్యాటరీతో హైవే ఎక్కినవాళ్ల వెనక వచ్చే కార్లలో కూడా పిల్లలుంటారు. డిస్‌కనెక్ట్ స్విచ్ పెట్టించుకోవడం, బయల్దేరే ముందు మీటర్ పెట్టి చూడటం చిన్న పనులే. కాసేపు ఏమీ వాడకుండా ఉంచి కొలిస్తే 12.6 వోల్టులు దాటితే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే దాదాపు సగం. 12 కిందికి వస్తే ముందు చార్జింగు, తర్వాతే ప్రయాణం.

మరి నీ స్థానంలో ఎవర్ని పెట్టాలి? ఇక్కడ నా తీర్పు చెప్తాను. ఎప్పుడూ హుకప్ ఉన్న పార్కుల్లోనే ఆగేవాళ్లకు నువ్వు చాలు. స్లైడ్‌ను, అంటే బయటికి జరిగే గది భాగాన్ని లోపలికి లాగడానికి, జాకీ తిప్పడానికి, బ్రేకులకు సరిపోతావు. ఆ న్యాయం నీకు చేయాలి.

ఏడాదిలో కొన్ని వారాంతాలు కరెంటు లేని చోట గడిపేవాళ్లకు గోల్ఫ్ కార్ట్ బ్యాటరీలను మించిన బేరం లేదు. జీసీ2 అనే సైజులో, ఒక్కోటి 6 వోల్టులు. రెండింటిని సిరీస్‌లో కలిపితే 12 వోల్టులు, 210 ఆంప్ అవర్ల పైచిలుకు. రోజూ బండిని మోసి, రోజూ దిగిపోయి, రోజూ నిండటానికే వాటి పలకలు మందంగా పోశారు. కాస్ట్‌కో, శామ్స్ క్లబ్ లాంటి చోట్ల దొరుకుతాయి. ఒక్కోటి 28 కిలోల దాకా ఉంటుంది కాబట్టి ట్రైలర్ ముందు కొక్కెం మీద పడే బరువు చూసుకోవాలి. నీకన్నా పొడుగు కాబట్టి నీ పెట్టె వాటికి సరిపోదు, కొత్తది కొనాలి. నీళ్లు పోస్తుండాలి. చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది కాబట్టి వాటిని పడక కింద పెట్టకూడదు, బయటే ఉండాలి. ఇంకో మాట. సీసం బ్యాటరీ చివరి 20 శాతం చాలా నింపాదిగా నింపుకుంటుంది. రెండు గంటలు జనరేటర్ నడిపి నిండిందనుకుంటే పొరపాటు. పగలంతా సోలార్ పలక దాన్ని నిదానంగా నింపడమే దానికి నచ్చే పద్ధతి. 200 వాట్ల పలక మంచి చలికాలపు ఎండలో రోజుకు 50 ఆంప్ అవర్ల దాకా ఇస్తుంది.

తరచూ అడవుల్లో ఉండేవాళ్లు, నెలలకొద్దీ తిరిగేవాళ్లు లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కు డబ్బు పెట్టడం సబబు. ఆ పదార్థం గుట్టు విప్పింది మా టెక్సస్‌లోనే. ఆస్టిన్‌లో జాన్ గుడినఫ్ బృందం 1997లో దాని గురించి పత్రం ప్రచురించింది. లిథియం అయాన్ బ్యాటరీల మీద చేసిన కృషికి 2019లో, 97 ఏళ్ల వయసులో ఆయన నోబెల్ అందుకున్నారు. 100 ఏహెచ్ లిథియం బ్యాటరీ 12, 13 కిలోలే ఉంటుంది, అందులో 80 పైనే వాడుకోవచ్చు, సగం చార్జితో వదిలేసినా పలకల మీద సల్ఫేటు గట్టిపడే బాధ లేదు. కానీ దాన్ని కొనడంతో పని అయిపోదు. బయటి కరెంటుతో బ్యాటరీని నింపడానికి ట్రైలర్‌లో ఉన్న పాత కన్వర్టర్ 13.6 వోల్టుల దగ్గరే ఆగిపోతే అది పూర్తిగా నిండదు. 14.4 దాకా ఇచ్చే లిథియం కన్వర్టర్ కావాలి. ట్రక్కు నుంచి చార్జి చేయాలంటే మధ్యలో డీసీ–డీసీ చార్జర్ కావాలి. వోల్టేజి చూసి ఎంత మిగిలిందో చెప్పలేం, వచ్చే పోయే ఆంపియర్లను లెక్కపెట్టే షంట్ మీటర్ కావాలి. అన్నిటికన్నా ముఖ్యం, సున్నా డిగ్రీల కింద దాన్ని చార్జి చేయకూడదు. చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని సెల్ పాడవుతుంది. చలిలో చార్జింగు ఆపేసే రక్షణ ఉందో లేదో అడిగి కొనాలి, వీలైతే ట్రైలర్ లోపల పెట్టాలి. ఈ ఖర్చులన్నీ కలిపి లెక్క వేయకుండా బ్యాటరీ ధర ఒక్కటే చెప్పేవాళ్ల మాట నమ్మకూడదు.

ఏజీఎం అనే మూసిన సీసం బ్యాటరీ గురించి కూడా అడుగుతుంటారు. నీళ్లు పోయక్కర్లేదు, ఒలకదు, బాగానే ఉంటుంది. కానీ గోల్ఫ్ కార్ట్ జతకన్నా ఖరీదు, సగం నియమం దానికీ తప్పదు.

నిన్ను తయారు చేసేవాళ్లను ఒక్కటే కోరుతున్నాను. పడవ బొమ్మ ఉన్నంత పెద్దదిగా ఏహెచ్ అంకె కూడా ముద్రించండి. అమ్మేవాళ్లను కోరేదీ ఒక్కటే. సంతకానికి ముందు, రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటారని కొనేవాళ్లను అడగండి. డాలస్‌లో, హ్యూస్టన్‌లో, ఆస్టిన్‌లో ట్రైలర్ కొనాలనుకుంటున్న మనవాళ్లూ, వాళ్లు అడగకపోతే మీరే చెప్పండి. నల్ల పెట్టె మూత తీయించి స్టిక్కర్ చదవండి. ఎంసీఏ మాత్రమే రాసి ఉంటే, ఆ బ్యాటరీ ఖరీదు బిల్లులో తగ్గించమని అడిగి, మీ రాత్రికి సరిపోయే బ్యాటరీని మీరే కొనుక్కోండి.

ఇట్లు,
ఒక ట్రైలర్ యజమాని,
ఆస్టిన్, టెక్సస్