క్రిస్పారావుగారు

న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కల తెలుగువాళ్లు నాలుగిళ్లు కట్టుకున్న ఏ వీధికి వెళ్లినా ఈయన ఒకరు తప్పకుండా తగులుతారు. ఒక్కో వీధిలో ఒక్కో పేరుతో చలామణీ అవుతుంటారు గానీ, మన సౌకర్యం కోసం అందరినీ కలిపి క్రిస్పారావుగారు అనేద్దాం. వయసు నలభైకీ యాభైకీ మధ్య. ఉద్యోగం సాఫ్ట్‌వేర్. మొన్నమొన్నటి దాకా వంటింట్లో ఆయనకున్న అధికారాలు రెండే: బిగుసుకున్న ఆవకాయ సీసా మూత తీయడం, పోపు పొగకి అలారం మోగితే తువ్వాలు పట్టుకుని దాని కింద విసరడం. అలాంటి మనిషి ఇప్పుడు జూన్ వస్తే చాలు, ఏప్రాన్ కట్టుకుని, "శనివారం బెర్రీ క్రిస్ప్ చేస్తున్నాను, మీరందరూ రావాలి" అని శుభలేఖ పంచినంత గంభీరంగా ఫోన్లు చేస్తారు.

క్రిస్ప్ తినని పుణ్యాత్ముల కోసం ఒక్క మాట. తీపీ పులుపూ కలిసిన పళ్లను కాస్త పంచదారతో పళ్లెంలో పరిచి, ఓట్సూ మైదా బ్రౌన్ షుగరూ వెన్నా కలిపిన పొడిపొడి పిండిని పైన చల్లి, ఓవెన్‌లో పెట్టి, పైన కరకరా కింద కుతకుతా అంటుండగా బయటికి తీసి, వెనీలా ఐస్‌క్రీముతో తినే పదార్థం అది. వేసవిలో పళ్లు చవకగా దొరికే రోజుల్లో అమెరికా ఇళ్లలో చేసుకునే మామూలు తీపి వంటకం. 'మామూలు' అనే మాట మాత్రం క్రిస్పారావుగారి ఎదుట అనకండి.

అసలు అక్కడ మనవాళ్ల ఇళ్లలో ఓవెన్ ఎందుకు పనికొస్తుందో ముందు చెప్పుకోవాలి. మూకుళ్లు దాచుకోవడానికి. పొయ్యితో పాటు వచ్చింది కాబట్టి పారేయలేరు. అందుకని అట్లపెనం, బూరెల మూకుడు, ఊరి నుంచి తెచ్చిన ఇత్తడి గిన్నె, ఏ కుక్కరుకీ పట్టని ఒక మూత, అన్నీ అందులోకి చేరతాయి. పిండి కలపబోయే ముందే ఓవెన్ వేడెక్కించి ఉంచాలన్న సూత్రం కొత్తగా చదివిన ఉత్సాహంలో క్రిస్పారావుగారు తలుపు తీసి చూడకుండానే మీట నొక్కేశారు. కుక్కరు మూత పిడి కరిగి కారింది. "మా ఇంట్లో బేకింగ్ ఆ కంపుతో మొదలైందండీ" అని వాళ్లావిడ వచ్చినవాళ్లందరికీ మంచినీళ్లతో పాటు ఈ కథ కూడా అందిస్తుంది.

లోకంలో ఇన్ని తీపి వంటకాలుండగా ఈయన దీన్నే ఎందుకు పట్టుకున్నారు? ఆయన చెప్పే కారణాలు వేరు, అసలు కారణాలు వేరు. ఆయన చెప్పేవి: ఏ కాలానికి ఆ పండు తినాలి, దగ్గరి రైతు దగ్గర కొనాలి, పీచు పదార్థం ఒంటికి మంచిది. అసలు కారణాల్లో మొదటిది, ఇందులో గుడ్డు లేదు. కేకు తెచ్చినవాణ్ణి పట్టుకుని అడిగినట్టు దీన్ని తెచ్చినవాణ్ణి ఎవరూ "ఎగ్‌లెస్సేనా?" అని నిలదీయరు. అత్తగారూ తినొచ్చు, శనివారం నియమం ఉన్నవాళ్లూ తినొచ్చు. రెండోది ఇంకా అసలైనది. ఇది చెడదు. కేకు పొంగాలి. మైసూర్‌పాకుకి పాకం క్షణం దాటితే ఉలీ సుత్తీ కావాలి. క్రిస్ప్‌కి ఏ గండమూ లేదు. పళ్లు ఎలాగూ ఉడుకుతాయి, వెన్నా పంచదారా ఎలాగూ ఎర్రబడతాయి. ఆకారమంటూ లేదు కాబట్టి ఆకారం చెడిందనే మాటే రాదు. చెయ్యి తిరగనివాళ్ల కోసమే పుట్టిన వంట ఇది. ఆ గుట్టు తెలిసిన నాటి నుంచే ఆయన దాన్ని మహా కష్టమైన వంటగా ప్రచారం చేస్తున్నారు.

ఆ కష్టం తోటలో మొదలవుతుంది. వీధి చివరి కొట్లో బ్లూబెర్రీ డబ్బాలు వరసగా పేర్చి ఉంటాయి. అయినా ఎడిసన్ నుంచి కారులో గంటకు పైగా దక్షిణంగా వెళ్లి, హామంటన్ తోటల్లో స్వహస్తాలతో కోసుకోవాలి. ఆ ఊరు తనకు తాను ప్రపంచ బ్లూబెర్రీ రాజధాని అని బిరుదు ఇచ్చుకుంది. జూన్ మధ్య నుంచి జూలై ఆఖరు దాకా అక్కడ కోతలు. కారులో ముందు సీట్లో ఆరు నెలలుండి పోదామని వచ్చిన మామగారు, వెనక అత్తగారు, భార్య, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్న పిల్లలు. అంటే ఉపన్యాసం వినడానికి మిగిలింది మామగారొక్కరే.

"మామయ్యగారూ, వందేళ్లకు పైగా కిందట ఈ పండుని అడవిలో ఏరుకోవడమే గానీ తోటలో పెంచడం జరగదనుకునేవారు. ఫ్రెడరిక్ కోవిల్ అనే వృక్షశాస్త్రవేత్త దీనికి ఆమ్ల గుణమున్న నేల కావాలని కనిపెట్టాడు. ఇక్కడే వైట్స్‌బాగ్‌లో క్రాన్‌బెర్రీ తోటలున్న ఒకాయన కూతురు ఎలిజబెత్ వైట్ ఆయనతో చేతులు కలిపింది. అడవిలో పళ్లేరుకునేవాళ్లకి అంగుళంలో 5/8 వంతు రంధ్రమున్న కొలత బిళ్ల ఒకటిచ్చింది. ఆ రంధ్రంలోంచి జారనంత లావు పళ్లు కాసే పొద చూపిస్తే డబ్బులు, పైగా ఆ పొదకి చూపించినవాడి పేరు! 1916లో మొదటి పంట అమ్మకానికొచ్చింది."

మామగారు శ్రద్ధగా విని, "పొదకి పేరు పెట్టారు సరే, నేల రాసిచ్చారా?" అన్నారు. ఆయన రిటైరయ్యే దాకా రెవెన్యూ శాఖలో పనిచేశారు.

తోటలో దిగగానే క్రిస్పారావుగారు శాసనాలు జారీ చేస్తారు. నీలం రంగు చూసి మోసపోకూడదు, తొడిమ దగ్గర ఎర్ర జీర కనిపిస్తే అది ఇంకా పులుపే. ఒకసారి కోశాక తీపి పెరగదు, కాబట్టి ఇంట్లో మగ్గబెడదామనే మన మామిడికాయల బుద్ధి ఇక్కడ చెల్లదు. పండు మీద బూడిదలా కనిపించేది మురికి కాదు, సహజంగా పట్టిన మైనం, దాన్ని తుడవకూడదు. వాడబోయే ముందు తప్ప కడగకూడదు. అత్తగారు అప్పటికే చీర కొంగుతో గుప్పెడు పళ్లు నిగనిగలాడేలా తుడిచేసి, ఒకటి నోట్లో వేసుకుని, "నేరేడుపండుకున్న వగరు దీనికి లేదేం బాబూ?" అని అడుగుతుంటారు. మామగారు మాత్రం తూకం సంగతి వివరంగా కనుక్కున్నారు. బకెట్లో పడ్డవాటికే డబ్బులని తెలిశాక ఆయన బకెట్ జోలికి పోలేదు. పొద పక్కనే నిలబడి తీరిగ్గా నోటికే కోసుకుంటున్నారు.

రెండో అంకం వంటింట్లో. ఆయనకు రెసిపీ ఉండదు, స్ప్రెడ్‌షీట్ ఉంటుంది. అందులో ఒక్కో వేసవికి ఒక్కో వెర్షన్, ప్రతి వెర్షన్‌కీ రిలీజ్ నోట్సు. దాల్చినచెక్క పావు చెంచా తగ్గిస్తే అది అప్‌గ్రేడ్. వెన్న ఒక స్టిక్కు అని రాసి ఉంటే ఆయన ఒప్పుకోరు. 113 గ్రాములు అనాలి. ఆ వెన్న ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసినదై ఉండాలి, ముక్కలు చేసి, వేళ్ల కొసలతో పిండిలోకి నలపాలి, అరచెయ్యి తగిలితే ఆ వేడికి కరిగిపోతుంది. ఇదంతా ఫ్రెంచివాళ్ల విద్య అన్నట్టు ఆయన చెబుతుంటే అత్తగారు ఇంక ఉండబట్టలేకపోయారు.

"పిండికి వెన్న పట్టిస్తే గుల్ల వస్తుందని జంతికలు చేసే ప్రతి ఇంట్లోనూ తెలుసు బాబూ. ఇలా తెండి."

ఆవిడ తూకం మిషను పక్కకు జరిపి, చేత్తో వెన్న తీసి, ఆయనకు పావుగంట పట్టే పనిని రెండు నిమిషాల్లో ముగించారు. పిండి గుప్పిట్లో పట్టుకుంటే ముద్దగా నిలిచింది, వదిలితే పలుకులుగా విడిపోయింది. క్రిస్పారావుగారు కాసేపు మౌనంగా చూసి, లాప్‌టాప్ తెరిచి, కొత్త వెర్షన్‌లో 'చేతి అంచనా' అని ఒక గడి చేర్చుకున్నారు. ఆ గడిలో ఏ అంకె వేయాలో మాత్రం ఇంతవరకూ తేలలేదు.

పళ్లెం 375 డిగ్రీల ఫారెన్‌హీట్ ఓవెన్‌లోకి వెళ్లాక ఆయన కుర్చీ వేసుకుని దాని అద్దం ముందు కూర్చుంటారు. పైన ఎర్రబడితే చాలదు, రసం బుడగలు రావాలి. అంచుల్లో వస్తే చాలదు, నడిమధ్యలో రావాలి. పళ్లలో కలిపిన కార్న్‌స్టార్చ్ బాగా ఉడికితేనే రసాన్ని చిక్కబరుస్తుంది, లేకపోతే నీళ్లనీళ్లగా, పిండి వాసనతో మిగులుతుంది. ఇది నిజమే. ఆయన చెప్పేవాటిలో నిజాలు చాలానే ఉంటాయి, అదే వచ్చిన చిక్కు. దింపాక కూడా అరగంట ఎవరూ ముట్టకూడదు. చల్లారేకొద్దీ రసం చిక్కబడుతుందంటారు. అదీ నిజమే. ఆ అరగంటలో పొంగి కిందికి కారిన ఊదారంగు పాకాన్ని ఓవెన్ అడుగున గీకుతూ వాళ్లావిడ అంటుంది: "వండేది ఆయనే, వడ్డించేది ఆయనే, పేరు ఆయనకే. ఈ గీకుడు ఒక్కటీ నాకు."

మూడో అంకం జూలై నాలుగో తేదీన, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్. బల్ల మీద అల్యూమినియం ట్రేల్లో దమ్ బిర్యానీ, గుత్తివంకాయ, గోంగూర పప్పు, డబ్బా మామిడి గుజ్జుతో చేసిన ఏదో ఒకటి, రసమలై. ఆ చివర తువ్వాలు కప్పుకుని క్రిస్ప్. దాని పక్కన రక్షణ శాఖలా నిలబడి క్రిస్పారావుగారు. ఎవరో అమాయకుడు "కాబ్లర్ బావుందండీ" అన్నాడు. అంతే.

"కాబ్లర్ కాదు. దానికి పైన మెత్తటి పిండి ముద్దలు పెడతారు. క్రంబుల్ అంటారా, అది ఇంగ్లండు వాళ్లది, పాత పద్ధతిలో ఓట్స్ ఉండవు. బెట్టీ అయితే రొట్టె పొడితో పొరలు వేస్తారు. బకిల్ అంటే కేకు పిండిలోనే పళ్లు. గ్రంట్ అని న్యూ ఇంగ్లండులో చేస్తారు, దానికి ఓవెన్ కూడా అక్కర్లేదు, పొయ్యి మీదే మూతపెట్టి..."

అమాయకుడి చేతిలో ఐస్‌క్రీము కరిగి మోచేతి దాకా వచ్చింది. మర్యాదస్తుడు, కదల్లేదు. ఈలోపల ఒక పెద్దాయన, "ఓట్సే కదా, మనకి షుగరున్నా ఫర్వాలేదు" అని మూడు గరిటెలు వేసుకుంటాడు. ఓట్సుకి దాదాపు సమానంగా బ్రౌన్ షుగరు పడిందని, ఆ బ్రౌన్ షుగరంటే మొలాసిస్ కలిపిన పంచదారేనని క్రిస్పారావుగారికి తెలుసు. అన్ని తేడాలూ విడమర్చి చెప్పే మనిషి ఈ ఒక్క తేడా దగ్గర ఆకాశం వైపు చూస్తారు. పెద్దాయన వాళ్లావిడే వచ్చి గిన్నె లాక్కుపోతుంది.

ఒక వేసవిలో ఆయన ఆరోగ్యం మీద దృష్టి పెట్టారు. మైదా బదులు బాదం పొడి, వెన్న బదులు కొబ్బరినూనె, బ్రౌన్ షుగరు బదులు బెల్లం, పంచదార పూర్తిగా సున్నా. ఆ వెర్షన్‌ని మనవాళ్లు బాగాలేదనలేదు. "డిఫరెంట్‌గా ఉంది" అన్నారు. తెలుగు పాట్‌లక్‌లో ఇంతకు మించిన శిక్ష లేదు. మర్నాడు ఉదయం దాన్ని పెరుగుతో ఫలహారంగా తింటూ ఆయన ఒక్కరే పూర్తి చేశారు. తర్వాతి వారం వెన్న తిరిగి వచ్చింది, ఎవరూ దాని ప్రస్తావన తేలేదు.

ఇంత చెప్పాక ఆయన మీద ఏమైనా కసి ఉందా అంటే లేదు. మన ఇళ్లలో మగవాడి చేతి వంట అన్న మాట చాలాకాలం పెళ్లి భోజనాల వంటవాళ్లకే చెల్లింది. ఈయన తోటకెళ్లి పళ్లు కోసి, పిండి కలిపి, పదిమందినీ పిలిచి పెట్టారు. ఆ పెట్టడంలో కాస్త గొప్ప చెప్పుకుంటే మునిగిపోయేదేమీ లేదు. పళ్ల కాలం ముగిశాక కూడా గడ్డకట్టించిన బెర్రీల సంచీ తెచ్చి డిసెంబరు మంచులోనూ చేస్తారు. అదీ బాగానే ఉంటుంది. చెప్పాను కదా, ఇది చెడదు.

కాబట్టి వేసవిలో మీకు ఆయన నుంచి ఫోనొస్తే నిరభ్యంతరంగా వెళ్లండి. వెనీలా ఐస్‌క్రీము డబ్బా ఒకటి పట్టుకెళ్లండి. క్రంబుల్ అనే మాట నోట రానివ్వకండి. రెండోసారి అడిగి వేయించుకోండి. రెసిపీ కావాలంటే ఆయన్ను అడగొద్దు, సాయంత్రం గడిచిపోతుంది. నేను చెబుతాను. ఆరు కప్పుల బెర్రీల్లో అర కప్పు పంచదార, రెండు పెద్ద చెంచాల కార్న్‌స్టార్చ్, కాస్త నిమ్మరసం కలిపి, నాలుగు వైపులా తొమ్మిదేసి అంగుళాలుండే లోతైన పళ్లెంలో పోయండి. కప్పు ఓట్స్, ముప్పావు కప్పు మైదా, ముప్పావు కప్పు బ్రౌన్ షుగరు, చిటికెడు ఉప్పు, ఆ 113 గ్రాముల వెన్న నలిపి పైన చల్లండి. 375 డిగ్రీల్లో 40 నుంచి 45 నిమిషాలు ఉంచండి. అంతే, ఇంకేమీ లేదు. ఇంకేమీ లేదన్న సంగతి మీకు తెలుసని మాత్రం ఆయనకు తెలియనివ్వకండి.