ఎన్ని కణుపుల నీళ్లు?

నేను పడవ గడను. భద్రాచలం అడవుల్లో వెదురుపొదలో పుట్టాను. తెప్ప కట్టి గోదావరిలో వదిలితే రాజమండ్రి చేరాను. అక్కడ ఒక సరంగు నన్ను ఏరుకుని, కొసకు ఇనుప పొన్ను తొడిగించాడు. ఏలూరు కాలువలో బెజవాడ, కృష్ణ దాటి కొమ్మమూరు కాలువ, పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువ, అక్కణ్ణించి సింగరాయకొండ పక్కనున్న పాకల. అంత దూరమూ నీళ్ల మీదే వచ్చాను. కాకినాడ నుంచి పుదుచ్చేరి దగ్గరి దాకా కాలువలు ఒకదాన్నొకటి అందుకునే రోజులవి.

గాలి ఉంటే తెరచాప ఎత్తేవాళ్లు. గాలి పడిపోతే కళాసులు గట్టున నడుస్తూ తాడు లాగేవాళ్లు. మలుపుల్లో, లాకుల దగ్గర, ఇసుక మేటల మీద మాత్రం నేను దిగాల్సిందే. నన్ను అడుగుదాకా దించి, తడిసిన కణుపులు లెక్కపెట్టి, "మూడు! రెండున్నర!" అని సరంగు కేకేసేవాడు. డెల్టా బియ్యం, కనుపర్తి ఉప్పు మోశాం. శ్రీహరికోట అడవిలో కొట్టిన కట్టెలు మద్రాసు పొయ్యిలకు చేర్చాం. పెదగంజాం నుంచి మరక్కాణం దాకా బకింగ్‌హాం కాలువ సుమారు 420 కిలోమీటర్లు. మద్రాసు దగ్గర పంతొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో మొదలైన తవ్వకం ముక్కలు ముక్కలుగా ఉత్తరానికీ దక్షిణానికీ పాకింది. 1877-78 కరువులో పస్తులున్న కూలీలు నగరం నడుమ మిగిలిన ముక్క తవ్వి కలిపారు. గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు కాలువకు నిలిచింది. తవ్విన చేతుల్లో ఒక్కరి పేరూ నిలవలేదు. ఆ మట్టిని తాకినదాన్ని కాబట్టి నాకది ఇప్పటికీ బాధే.

తరవాత సరుకంతా రైళ్లకూ లారీలకూ పోయింది. తుఫాన్లకు గట్లు తెగాయి, లాకులు పాడుబడ్డాయి, మేటలు పెరిగాయి. మా పడవను విప్పి చెక్కలు అమ్మేశారు. నన్ను వంటింటి వాసాల్లో దోపారు. పొగచూరి పురుగు పట్టకుండా బతికాను. 2004 డిసెంబరు 26న సముద్రం పైకొచ్చిన పొద్దున, నీళ్లు కాలువలోకి దిగి జోరు తగ్గాయని ఇంట్లోవాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను. 2008లో మా కాలువ జాతీయ జలమార్గం 4లో చేరిందనీ అక్కడే విన్నాను.

మొన్నొక రాత్రి సరంగు మునిమనవడు ఫోను పట్టుకొచ్చి వాళ్ల తాత ముందు కూర్చున్నాడు. ఫ్లోరిడా కీస్ అట, అమెరికా కింది కొసన దండలా ఉండే దీవులు. స్నేహితుడెవరో వాటి వెంట పడవలో తిరిగి బొమ్మలు పంపాడు.

"మనకు మాత్రం లేవా తాతా దీవులు? పులికాట్ సరస్సులో శ్రీహరికోట, వేనాడు, ఇరకం! ఇక్కడ కాలువలో దిగితే తిన్నగా అక్కడే తేలతాం. రోజుకు నలభై కిలోమీటర్లేసుకున్నా నాలుగైదు రోజులు."

"దూరం సరే అబ్బయ్యా. నీళ్లెంత ఉండాయి?"

పిల్లవాడు పటాన్ని వేళ్లతో సాగదీశాడు. నీలిగీత వెడల్పయింది గానీ లోతు చెప్పలేదు. ఆ అమెరికా దీవుల దగ్గర పాటునీటికి ఎంత లోతుంటుందో పటాల్లోనే అచ్చువేస్తారట. మన కాలువకు అలాంటిది వాడికి దొరకలేదు. అప్పుడు తాత లేచి, ముక్కాలిపీట ఎక్కి, నన్ను కిందికి దించాడు. ఎన్నేళ్లకో మనిషి చెయ్యి తగిలింది!

తెల్లవార్లూ మాటలే. రామాయపట్నం, ఇసకపల్లి దాటాక పెన్నా అడ్డం పడుతుంది, ఆ మొగ దగ్గర ఇసుక ఏటేటా చోటు మారుతుంది. కృష్ణపట్నంలో ఓడలు తిరిగే నీళ్లున్నాయి, అడక్కుండా దాటకూడదు. దుగరాజపట్నం తరవాత సరస్సు. చిలికా తరవాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే, కానీ సగటు లోతు మీటరే. ఎండాకాలం చాలా మేర బురద తేలుతుంది. రాయదొరువు మొగ పూడితే సముద్రపు నీళ్లూ రావు. అందుకని ఈశాన్య రుతుపవనాల వానలు వెనకబట్టాక, జనవరిలో బయల్దేరాలి. సరస్సు నిండుగా ఉంటుంది, ఈశాన్యపు గాలి వెనకనుంచి తోస్తుంది, ఫ్లెమింగోలూ ఉంటాయి.

"కాలువ నీళ్లు గొంతులోకి దిగవురా. మా నాయన ఇసుకలో దొరువు తవ్వి తాగే నీళ్లు తీసేవాడు. ఇప్పుడు అది నమ్ముకోవాకండి, డబ్బాలు నింపుకోండి," అన్నాడు తాత.

శ్రీహరికోట ఒడ్డున ఇష్టమొచ్చినట్టు దిగడానికి లేదు. 1971 నుంచి అక్కడ రాకెట్లు ఎగురుతున్నాయి. ప్రయోగం ఉన్న రోజు పడవల్ని ఆపుతారు. సరస్సు పక్షుల అభయారణ్యం, అటవీశాఖ అనుమతి కావాలి. ఇరకంలో మాత్రం నిలబడి చూడాలని తాత కోరిక. తడ దగ్గరి భీములవారిపాళెం రేవు నుంచి ఆ ఊరివాళ్లు పడవలోనే వచ్చిపోతారు. మా సరంగు బతికిన తీరులో ఇంకా బతుకుతున్నవాళ్లు వాళ్లు.

పొద్దున్నే నన్ను కాలువకు తీసుకెళ్లారు. వంతెన కింద పిల్లవాడు నన్ను దించాడు. నా పొన్నుకు నేల తగిలింది. మెత్తటి బురద, పాత వాసన. పైకి తీస్తే తడి రెండో కణుపు దాటలేదు. వాడు నోటు పుస్తకంలో పాకల అని రాసి, ఎదురుగా రెండు అని వేసి, కింద పేజీ అంతా ఖాళీగా వదిలాడు.

అయ్యా, అమ్మా, పెదగంజాం నుంచి పులికాట్ దాకా ఆ కాలువలో పడవ నడిపినవాళ్లు, తాడు లాగినవాళ్లు, వలవేసేవాళ్లు మీ ఇళ్లల్లో ఉంటే, ఏ మలుపు దగ్గర ఎన్ని కణుపుల నీళ్లుంటాయో జనవరిలోగా వాడికి చెప్పండి.