నాలుగు కుట్ల మలుపు

మా మామగారి కళ్ళజోడు దొరకని చోటు మా ఇంట్లో లేదు. ఫ్రిజ్ మీద, పంచాంగంలో, ఒకసారైతే పోపులపెట్టె పక్కన. ఆయన 75వ పుట్టినరోజుకి దానికో తోలు ఒర కుట్టిస్తే బాగుంటుందనుకున్నాను. కుట్టించి ఊరుకుంటే ఈ వ్యాసమే ఉండేది కాదు. నేనే కుడతానన్నాను.

సరంజామా తెప్పించాను. తోలు, మైనం పట్టించిన దారం, మొద్దు మొన సూదులు రెండు, ఒక ఆరె, ఫోర్కులా పళ్ళున్న ఉలులు రెండు. పన్నుకీ పన్నుకీ మధ్య 4 మి.మీ. ఆరు పళ్ళ ఉలి పెట్టి సుత్తితో ఒక్కటిస్తే వరసగా ఆరు కన్నాలు! రెండు పళ్ళది ఎందుకో అర్థంకాక సొరుగులో పడేశాను.

గుర్రపు జీనులు కుట్టే పద్ధతి ఇది. దారం ఒకటే, చివరికో సూది. ఒకే కన్నంలోంచి ఆ సూది ఇటూ ఈ సూది అటూ దూరాలి. ఒక పోగు తెగినా రెండోది పట్టుకునే ఉంటుంది. అందుకే కుట్టే పొడవుకి దాదాపు నాలుగింతల దారం కావాలి. ఇదంతా కాఫీ తెచ్చిన మా ఆవిడకి ఉపన్యాసమిచ్చాను కూడా. అప్పటికింకా తిన్నటి అంచు మీదే ఉన్నాను.

తర్వాత మూల వచ్చింది.

పది రూపాయల బిళ్ళ పెట్టి గుండ్రంగా గీసిన మూల. బిళ్ళ అడ్డకొలత 27 మి.మీ., కుట్టు గీత అంచుకి 3 మి.మీ. లోపల. లెక్కేస్తే మలుపు మొత్తం పదహారున్నర మిల్లీమీటర్లు. అంటే నాలుగే కుట్లు. నాలుగు కుట్లకి జడుస్తామా? ఆరు పళ్ళ ఉలే పెట్టి ఒక్కటిచ్చాను. గీత వంగింది, ఉలి వంగలేదు. రెండో పన్ను గీత దాటింది, మూడోది అంచు చీల్చింది, మిగతా మూడూ బల్లలో దిగాయి. గుడ్డకైతే కన్నం గోటితో సర్దుకుంటుంది. తోలుకి పడితే పడినట్టే.

ఉలి వదిలి ఆరె పట్టాను. పైనుంచి చూస్తే నాలుగు కన్నాలూ ముచ్చటగా ఉన్నాయి. వెనక్కి తిప్పితే, ఆరె లోపలికి వాలిపోయి, నాలుగూ ఒకదాన్నొకటి కావలించుకుని ఉన్నాయి. దారం గట్టిగా బిగించేసరికి నాలుగూ కలిసి ఒకటే అయ్యాయి.

వీధి చివర వేపచెట్టు కింద చెప్పులు కుట్టే పెద్దాయనకి చూపించాను.

"ఎవరు కుట్టారు సార్?"

"బజార్లో కొన్నాను."

"వాపసు తీసుకుంటాడేమో అడగండి."

ఆయన దగ్గర ఉలీ లేదు, గీతా లేదు. మొనకి చిన్న కొక్కెం ఉన్న ఆరె ఒక్కటే. దించడం, కింది దారాన్ని ఉచ్చులా పైకి లాగడం, అందులోంచి రెండో కొస దూర్చి బిగించడం. చెప్పు ముందు వంపు దగ్గర కూడా చెయ్యి తీరు మారలేదు. పోటు పోటుకీ చెప్పునే కాస్త తిప్పుతున్నాడు. నేను చూస్తూ నిలబడితే నిజం తెలిసిపోయినట్టుంది.

"తిన్నటి చోట దర్జాగా నడిచి, మూల దగ్గర సర్దుకుందామనుకున్నారు సార్. ముందు మూల కుట్లు చూసుకోవాలి. తేడా వస్తే తిన్నటి చోట తలా పిసరు పంచెయ్యాలి. అక్కడ ఎవరికీ కనపడదు."

ఒకటో తారీఖున దర్జాగా నడిచి నెలాఖరుకి సర్దుకోవడం ముప్పై ఏళ్ళుగా నా పద్ధతి. ఈయనకెవరు చెప్పారో!

ఇంటికొచ్చి సొరుగులోంచి రెండు పళ్ళ ఉలి తీశాను. రెండో మూలతో మొదలుపెట్టాను. ఒక పన్ను పాత కన్నంలో, రెండోది గీత మీద. ఆరె నిటారుగా. కుట్టు కుట్టుకీ తోలు తిప్పడం. నాలుగు కుట్లకి ముప్పావుగంట పట్టింది. అడుగు అంచున 2 మి.మీ. తేడా వస్తే పది కుట్లకి పంచేశాను. ఆ తేడా మా ఆవిడ కంటికి కూడా చిక్కలేదు. ఆవిడ కంటికి చిక్కనివి మా ఇంట్లో ఇంకేమీ లేవు.

మామగారు కళ్ళజోడు తీసి ఒరలో పెట్టి, అటూ ఇటూ తిప్పి, "బ్రహ్మాండం అల్లుడుగారూ!" అన్నారు. నాకు ధైర్యం వచ్చింది. జోడు ఒరలో ఉంటే ఆయనకి కుట్లు కనపడవు. జోడు కళ్ళకుంటే ఒర జేబులో ఉంటుంది. ఇంతకన్నా మంచి గిరాకీ ఎక్కడ దొరుకుతుంది?

సాయంత్రం ఆయన జోడు పెట్టుకుని, ఒర చేత్తో పట్టుకుని వచ్చారు.

"ఈ రెండో మూల ఎవరిచేత కుట్టించారు అల్లుడుగారూ?"