బిల్లింగ్ మెషీన్ ఆత్మకథ

రెండు సంఖ్యలను కూడి మూడో సంఖ్యతో గుణించినా, విడివిడిగా దానితో గుణించి కూడినా ఫలితం ఒక్కటే. గణితంలో దీన్నే విభాగ న్యాయం అంటారు. వాంకూవర్‌లో ఒక కాఫీ షాపు కౌంటరు మీద ఉండే బిల్లింగ్ మెషీన్‌ని నేను. నా లెక్కలన్నీ ఈ న్యాయం మీదే నడుస్తాయి.

వాంకూవర్ ఉన్న కెనడా రాష్ట్రం బ్రిటిష్ కొలంబియాలో అమ్మకాలపై రెండు పన్నులుంటాయి: కేంద్రానిది 5 శాతం, రాష్ట్రానిది 7 శాతం. 20 డాలర్ల స్టీలు కప్పు మీద అవి 1 డాలరు, 1.40 డాలర్లు; మొత్తం 2.40. 2010 జూలై 1న ఈ రెండూ కలిసి 12 శాతం ఉమ్మడి పన్ను అయ్యాయి. 20 × 0.12 అన్నా అదే 2.40. 2011 ప్రజాభిప్రాయ సేకరణలో ఓటర్లు ఉమ్మడి పన్నును తిరస్కరించారు. 2013 ఏప్రిల్ 1న పన్నులు మళ్లీ విడిపోయాయి. ఆ కప్పు బిల్లు మాత్రం మారలేదు.

2022 జనవరి 1న నగరపాలక సంస్థ, వాడి పారేసే ఒక్కో కప్పుకు కనీసం 25 సెంట్ల రుసుము పెట్టింది. నాలుగు కాఫీల బిల్లు, పన్ను కలపకుండా, 13 డాలర్లు అనుకుందాం. ఒక కాఫీ ధర ‘క’ అయితే:

4(క + 0.25) = 13

బయటి 4 కుండలీకరణంలోని రెండు పదాలనూ గుణించాలి. 4క + 0.25 అని రాస్తే నాలుగు కప్పులకు ఒక్క కప్పు రుసుమే కట్టినట్టు. సరైన విస్తరణ 4క + 1 = 13. ఇరువైపులా 1 తీసేస్తే 4క = 12. కనుక క = 3.

కుండలీకరణం ముందు రుణ గుర్తు ఉంటే మరింత జాగ్రత్త కావాలి. అదే బిల్లుకు 20 డాలర్ల నోటిస్తే చిల్లర 7 డాలర్లు:

20 − 4(క + 0.25) = 7

ఇక్కడ గుణించేది −4. లోపలి రెండు పదాలూ రుణమవుతాయి: 20 − 4క − 1 = 7. అంటే 19 − 4క = 7, క = 3. రెండో గుర్తు మార్చకపోతే క = 3.50 వస్తుంది. ఆ ధరకు బిల్లు 15 డాలర్లు, చిల్లర 5 డాలర్లే. తప్పు అక్కడే తెలిసిపోతుంది.

కప్పు రుసుమును నగరం 2023 మే 1న ఎత్తివేసింది. విభాగ న్యాయం మాత్రం ఇక్కడి తొమ్మిదో తరగతి గణితంలో సమీకరణాల పాఠంతో పాటు వస్తూనే ఉంది. పిల్లలు జవాబు రాగానే పెన్ను పక్కన పెట్టకూడదు. దాన్ని మొదటి సమీకరణంలో వేసి, రెండు వైపులా సరిపోయిందో లేదో చూసుకోవాలి.