ఒక 500 ఎస్‌ఈఎల్ కథ

ఈ కథ 1983లో పశ్చిమ జర్మనీలోని సిండెల్‌ఫింగెన్ కార్ఖానాలో తయారైన ఒక మెర్సిడెస్ బెంజ్ 500 ఎస్‌ఈఎల్ కారుది. దాని ఛాసిస్ నంబరు డబ్ల్యూడీబీ126037తో మొదలవుతుంది. తెలిసినవాళ్లకు ఆ అంకెలు చాలు, ఇది ఐరోపా మార్కెట్టు కోసం కట్టిన పొడవాటి బండి అని పోల్చుకుంటారు. ఇందులో ఉన్నది అయిదు లీటర్ల వీ8 ఇంజను, దాని శక్తి 231 హార్స్‌పవర్. ఆ ఏడాది అమెరికా షోరూముల్లో ఇదే ఆకారంతో దొరికిన 380 ఎస్‌ఈఎల్ శక్తి 155 మాత్రమే. చూడటానికి అన్నదమ్ముల్లా ఉండే ఈ రెండు బండ్లలో ఒకటి అమెరికా రోడ్డెక్కడానికి పుట్టుకతోనే అర్హత తెచ్చుకుంది, రెండోది తెచ్చుకోలేదు. ఈ కారు ఆ రెండోది.

అర్హత లేకపోవడానికి కారణం కారు బలహీనత కాదు. ఈ కారు చెందిన ఎస్ క్లాస్ తరం ముందు భాగాన్ని, ఎదురుగా వచ్చే బండి ఒక పక్కకు మాత్రమే గుద్దుకునే ప్రమాదాన్ని కూడా దృష్టిలో పెట్టుకుని రూపొందించారు. అప్పటి అమెరికా ప్రమాణాలు అడిగింది గోడకు నిండుగా ఎదురుగా గుద్దే పరీక్షనే. జర్మనీలో 1981 నుంచే ఈ మోడల్‌కు డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ అదనపు ధరకు దొరికేది. తేడా అంతా పూచీ ఎవరిది, దాన్ని ఏ పద్ధతిలో రాసిస్తారు అన్న దగ్గరే ఉంది. ఐరోపా దేశాలు 1958 జెనీవా ఒప్పందం బాటలో నడుస్తాయి. ప్రభుత్వ సంస్థ నమూనాను ముందే పరీక్షించి ఆమోదిస్తుంది. ఆమోదం పొందిన దీపం మీదా అద్దం మీదా వృత్తంలో 'ఇ' అక్షరం, దాని పక్కన ఆమోదించిన దేశం సంఖ్య వేస్తారు. జర్మనీ సంఖ్య 1. అమెరికాలో దారి వేరు. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1966లో సంతకం చేసిన వాహన భద్రతా చట్టం కింద, 1968 జనవరి 1 నుంచి ఫెడరల్ ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. అక్కడ ప్రభుత్వం ముందుగా ఏ కారునూ ఆమోదించదు. ఈ వాహనం వర్తించే ప్రమాణాలన్నిటికీ లోబడి ఉందని తయారీదారే డ్రైవరు తలుపు దగ్గర లేబుల్ అంటించి పూచీ పడతాడు. ప్రభుత్వం ఆ తర్వాత బజారులో కార్లు కొని పరీక్షించుకుంటుంది, తప్పు తేలితే వాటిని వెనక్కి పిలిపించి బాగుచేయిస్తుంది. సిండెల్‌ఫింగెన్ నుంచి బయల్దేరిన ఈ కారుకు అద్దాల మీద 'ఇ' ముద్ర ఉంది, తలుపు దగ్గర ఆ లేబుల్ లేదు. ఒక విశ్వవిద్యాలయంలో తెచ్చుకున్న డిగ్రీకి మరోచోట ఈక్వివలెన్స్ సర్టిఫికెట్ అడిగినట్టే, దీనికీ కొత్త పత్రం కావలసి వచ్చింది.

అర్హత లేకపోయినా ఈ కారు సముద్రం దాటడానికి కారణం డాలరు. 1980లో ఒక డాలరుకు సుమారు 1.8 జర్మన్ మార్కులు వచ్చేవి, 1985 మొదటికి 3.4 దాటాయి. జర్మనీలో మార్కుల్లో కొని, ఓడ కూలీ కట్టి, అమెరికాలో మార్పులు చేయించినా, డీలరు ధరతో పోలిస్తే చాలా డబ్బు మిగిలేది. పైగా 1983 వరకు పెద్ద ఇంజను బండి అమెరికా షోరూముల్లో అధికారికంగా దొరకలేదు. అలా మధ్యవర్తుల ద్వారా నడిచిన వ్యాపారానికే గ్రే మార్కెట్ అని పేరు. ఈ కారు బ్రెమర్‌హాఫెన్ రేవులో ఓడెక్కి 1984లో కాలిఫోర్నియా తీరంలో దిగింది.

అప్పటి పద్ధతి ప్రకారం కస్టమ్స్ వాళ్లు కారును షరతు మీద వదిలారు. దిగుమతి చేసుకున్న మనిషి బాండు రాసి, 120 రోజుల్లో కారును ప్రమాణాలకు తెచ్చి, ఆ సంగతి ఎన్‌హెచ్‌టీఎస్‌ఏకు, అంటే జాతీయ హైవే ట్రాఫిక్ భద్రతా సంస్థకు, రాతపూర్వకంగా తెలపాలి. గడువు దాటితే బాండు సొమ్ము పోతుంది, లేదా కారు దేశం వదిలిపోవాలి. కాలుష్యానికి సంబంధించి పర్యావరణ సంస్థ ఈపీఏకు వేరే కాగితాలు దాఖలు చేయాలి.

ఈ మార్పులు చేసిన షెడ్డులో జరిగిన పనిలో సగం కంటికి కనబడేది. జర్మనీ నుంచి వచ్చిన వెడల్పాటి గాజు హెడ్‌లైట్లు తీసేసి, బల్బూ అద్దమూ ఒకే ముద్దగా ఉండే గుండ్రటి సీల్డ్ బీమ్ దీపాలు బిగించారు. బల్బు మార్చుకునే దీపాలకు అమెరికా 1983లో తలుపు తెరిచింది గానీ, అదీ తన నమూనా బల్బులకే. బండి పక్కల ముందువైపు పసుపు, వెనకవైపు ఎరుపు మార్కర్ దీపాలు పెట్టారు. ఐరోపాలో అవి అవసరం లేదు. స్పీడోమీటరులో మైళ్ల అంకెలు వచ్చాయి. తాళంచెవి ఇగ్నిషన్‌లోనే వదిలి తలుపు తెరిస్తే హెచ్చరించే బజరు, సీటుబెల్టు గుర్తు చేసే దీపం చేరాయి. బయట నుంచి అద్దం గుండా చదవగలిగేలా ఛాసిస్ నంబరు పలక డాష్‌బోర్డు ఎడమ మూలన బిగించారు. టైర్ల మీద, బ్రేకు గొట్టాల మీద, అద్దాల మీద అమెరికా రవాణా శాఖను సూచించే డీఓటీ అన్న అక్షరాలు ఉండాలి, లేనివి మార్చాలి. గంటకు రెండున్నర మైళ్ల వేగంతో తగిలినా బంపరు ఓర్చుకోవాలి కాబట్టి దాని వెనక బిగింపులు మారాయి.

మిగతా సగం లోపల దాగింది. పక్క నుంచి నొక్కితే తలుపు ఎంత బలానికి లోపలికి వంగుతుందో కొలిచే ప్రమాణం కార్లకు 1973 నుంచి ఉంది. దాని కోసం డోర్ ప్యానెల్ విప్పి, తలుపు లోపల పొడవునా ఉక్కు కడ్డీ వెల్డింగ్ చేశారు. పొగ గొట్టంలో కేటలిటిక్ కన్వర్టరు, దానికి ఆక్సిజన్ సెన్సరు చేరాయి. సీసం కలిసిన పెట్రోలు కన్వర్టరును చంపేస్తుంది కనుక, సీసం లేని పెట్రోలు గొట్టం మాత్రమే పట్టేలా ట్యాంకు మూతి సన్నబడింది. ఇంజను కొంత ఊపిరి కోల్పోయింది.

చిక్కంతా ఇక్కడే ఉంది. ప్రమాణాల్లో కొన్నిటిని కళ్లతో చూసి తేల్చవచ్చు, దీపం ఉందా లేదా అన్నంత సులువు. మరికొన్నిటిని కారును పోగొట్టుకుంటే తప్ప రుజువు చేయలేం. గంటకు 30 మైళ్ల వేగంతో గోడకు గుద్దినప్పుడు స్టీరింగు గొట్టం ఎంత వెనక్కి వస్తుంది, పెట్రోలు ఎంత కారుతుంది, ముందు అద్దం ఊడుతుందా అన్నవి ఆ జాతివి. వేల కార్లు చేసే కంపెనీ కొన్నిటిని గుద్ది, ఆ ఫలితాన్ని మిగతావాటన్నిటికీ వర్తింపజేస్తుంది. ఒక్క కారు తెచ్చుకున్న మనిషికి ఆ వీలు లేదు. ఈ కారు విషయంలో రుజువుగా పంపినవి ఫొటోలు, బిల్లులు, పనివాళ్లు రాసిచ్చిన వివరణ. తలుపు కడ్డీకి పెట్టిన వెల్డు చివరిదాకా పట్టిందో, రెండు చోట్ల అతికి ఊరుకుందో ఫొటో చెప్పదు. అదృష్టవశాత్తూ ఈ కారు తలుపుల్లో పని నిజాయతీగా జరిగింది. అదే సమయంలో వచ్చిన అన్ని కార్లకూ అలా జరగలేదు. కడ్డీ పెట్టకుండానే పెట్టినట్టు కాగితం పంపినవాళ్లున్నారు. అలాంటి కారులో తర్వాత కూర్చున్నవాళ్లు డబ్బిచ్చి కొన్నది ఒక అబద్ధాన్ని. పక్క నుంచి లారీ తగిలే రోజు వరకు అది బయటపడదు.

1985లో ఈ దారిన అమెరికా చేరిన కార్లు 66 వేలకు పైబడ్డాయి. మెర్సిడెస్ అమెరికా శాఖ, దాని డీలర్లు అమెరికా కాంగ్రెస్ ముందు గట్టిగా పట్టుబట్టారు. వాళ్ల లాభనష్టాలు అందులో ఉన్న మాట నిజమే. అంతమాత్రాన తర్వాత వచ్చిన చట్టాన్ని వ్యాపారుల పని అని కొట్టిపారేయడం న్యాయం కాదు, పూచీ పడే మనిషి లేకపోవడం నిజమైన లోటు. కంపెనీ ఏదైనా లోపం కనిపెట్టి కార్లను వెనక్కి పిలిచినప్పుడు, ఈ కారు ఆ పిలుపు జాబితాలో లేదు. దాని తలుపు దగ్గర పేరున్న షెడ్డు మూతపడితే అడగడానికి ఎవరూ మిగలరు. 1985 సెప్టెంబరులో, డాలరు విలువ తగ్గించడానికి పెద్ద దేశాలు చేసుకున్న ప్లాజా ఒప్పందం తర్వాత డాలరు దిగివచ్చి, చట్టం రాకముందే ఈ వ్యాపారపు ఊపు తగ్గింది.

దిగుమతి వాహనాల భద్రతా చట్టం 1988 అక్టోబరు 31న వచ్చి, 1990 జనవరి 31 నుంచి అమలైంది. గుద్ది చూపలేని కారును ఎలా నమ్మాలి అన్న ప్రశ్నకు ఇది సూటిగా జవాబిచ్చింది. విదేశీ మోడల్ ఏదైనా, అమెరికాలో అమ్మిన ఏదో ఒక కారుతో గణనీయంగా పోలి ఉండి, సులువుగా మార్చగలిగినదై ఉండాలి. అలాంటి జోడీ లేకపోతే, పరీక్షా ఫలితాలతో అర్హత నిరూపించాలి. ముందు మోడల్‌కు ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ అర్హత ఇస్తుంది, ఆ తర్వాతే కారు వస్తుంది. మార్చే పని అందరూ చేయకూడదు, నమోదైన దిగుమతిదారు మాత్రమే చేయాలి. బాండు విలువ కారు సుంకపు విలువకు ఒకటిన్నర రెట్లు. 120 రోజుల గడువు అలాగే ఉంది. కాగితాలు పంపాక ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వదిలిపెట్టే వరకు, లేదా 30 రోజులు గడిచే వరకు కారు దిగుమతిదారు చేతిలోనే ఉండాలి. రీకాల్ బాధ్యత కూడా అతనిదే, దానికి బీమా కట్టాలి. ఒక్కో కారుకూ ఒక పేరు, ఒక చిరునామా అంటుకున్నాయి. 1995 నాటికి ఈ దారిన వచ్చే కార్లు వందల్లోకి పడిపోయాయి.

అదే చట్టం తయారైన నెల నుంచి 25 ఏళ్లు నిండిన వాహనాన్ని భద్రతా ప్రమాణాల నుంచి తప్పించింది. ఈపీఏ గీత 21 ఏళ్ల దగ్గర ఉంది, ఇంజను మొదటి రూపంలోనే ఉండాలన్న షరతుతో. అమెరికాలో ఎన్నడూ అమ్మని నిస్సాన్ స్కైలైన్ ఆర్32 జీటీ-ఆర్ 1989 ఆగస్టులో పుట్టింది కనుక 2014 ఆగస్టు నుంచి స్వేచ్ఛగా రావడం మొదలైంది. 1999లో పుట్టిన ఆర్34కు 2024 దాకా ఆగాల్సి వచ్చింది. అంత ఆగలేని అరుదైన కార్ల కోసం 1999లో ప్రదర్శన నిబంధన వచ్చింది. చరిత్రలోనో సాంకేతికతలోనో ప్రత్యేకత ఉండాలి, సాధారణంగా 500కు మించి తయారై ఉండకూడదు, ఏడాదికి 2,500 మైళ్లు దాటి నడపకూడదు. బిల్ గేట్స్ తెప్పించుకున్న పోర్షే 959 ఏళ్ల తరబడి కస్టమ్స్ చేతిలో ఉండిపోవడం ఈ నిబంధన వెనకున్న ప్రసిద్ధ కథ.

కెనడా తన గీతను 15 ఏళ్ల దగ్గర గీసింది. ఇలాంటి గీతలు ఎక్కడైనా ఒక ఒప్పుకోలు. పాత కారు భద్రమైనదని ప్రభుత్వం అనడం లేదు, కొద్ది సంఖ్యలో కొద్దిగా తిరిగే బండి వల్ల వచ్చే ముప్పును భరించగలనని అంటోంది.

ఈ కారు 2008లో అమెరికా 25 ఏళ్ల గీత దాటింది. కొత్త చట్టం వెనక్కి వర్తించదు కాబట్టి మధ్య ఏళ్లలో దాని రిజిస్ట్రేషనుకు ఇబ్బంది రాలేదు, అడ్డంకులు విడిభాగాల దగ్గరే వచ్చాయి. ఛాసిస్ నంబరు అమెరికా వరసలో లేకపోవడంతో కౌంటరులో ప్రతిసారీ వివరం చెప్పుకోవాలి. ఇప్పుడు ఇలాంటి కార్ల యజమానుల్లో చాలామంది సీల్డ్ బీములు తీసేసి, పాత గాజు దీపాలు వెతికి పెట్టించుకుంటున్నారు. భద్రతా పరికరాన్ని పనికిరాకుండా చేయడాన్ని ఫెడరల్ చట్టం డీలర్లకు, మరమ్మతు షాపులకు నిషేధించింది. సొంతంగా విప్పుకునే యజమాని దాని పరిధిలోకి రాడు, రాష్ట్రాల నిబంధనలు వేరు. ఈ కారు పక్క మార్కర్లు పోయాయి, తలుపు కడ్డీలు అలాగే ఉన్నాయి. కేటలిటిక్ కన్వర్టరు మాత్రం తీయడానికి వీల్లేదు. భద్రత విషయంలో 25 ఏళ్లకు వదిలేసిన ఫెడరల్ మినహాయింపు పొగకు పనికిరాదు. కాలిఫోర్నియా 1975, అంతకు ముందు మోడళ్లకు మాత్రమే పొగ పరీక్ష మినహాయించింది. 1983 మోడల్ కాబట్టి ఈ కారు రెండేళ్లకోసారి పరీక్షకు వెళ్తూనే ఉంటుంది.