కజ్జికాయోపదేశం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

ఆశ్వయుజ బహుళ చతుర్దశినాడు మధ్యాహ్నం, నెల్లూరు జిల్లా బోగోలు మండలం జువ్వలదిన్నెలో, వంటింటి గడప మీద కూర్చుని అవ్వ ఈ ఉపదేశం చేసింది. గ్రంథం చిన్నది, ఏడంటే ఏడు వాక్యాలు. సూత్రగ్రంథాలకు క్లుప్తత అందమే గానీ, టీక లేకుండా చదివితే ఏం జరుగుతుందో పండగపూట నల్లబడిన నూనె మూకుడు చూసినవాళ్ళకు తెలుసు. కాళిదాసు కావ్యాలకు కోలాచలం మల్లినాథసూరి దొరికాడు. మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ఆయన పట్టు పట్టాడు. ఈ టీకాకారుడు అందులో మొదటి సగం పాటించగలడు. రెండో సగానికి హామీ లేదు. చెన్నపట్నంలో వావిళ్ళవారు అచ్చువేసిన కావ్యాల ఫక్కీలోనే ప్రతిపదార్థం, తాత్పర్యం, విశేషాలు వరసగా వస్తాయి.

మూలం

"పిండి తడిపి మూతబెట్టు. బెల్లం పొడిగా ఉండాల. పూర్ణం చెంచాడే పెట్టు. అంచు తడిచేసి నొక్కు. మంట తగ్గించు. తీసినవి కప్పబాక. ఒరే అబ్బయా, నువ్వు డబ్బా తీసకరా."

దేశకాల నిర్ణయం

మూలంలో సముద్రం ప్రస్తావన లేదు. అయినా సముద్రాన్ని పక్కనబెట్టి ఒక్క వాక్యమూ అన్వయించదు. జువ్వలదిన్నె బంగాళాఖాతం ఒడ్డున ఉంది. 2024 ఆగస్టు 30న ప్రధానమంత్రి మహారాష్ట్రలోని పాల్ఘర్ నుంచి తెరమీద ప్రారంభించిన ఫిషింగ్ హార్బరు ఈ ఊరిదే. తక్కిన రాష్ట్రంలో చాలాచోట్ల దీపావళికల్లా వానలు ముఖం చాటేస్తాయి. ఈ తీరంలో అప్పుడే ముఖం చూపిస్తాయి. ఈశాన్య రుతుపవనం అక్టోబరులో దిగి డిసెంబరుదాకా కదలదు. 1989లో కావలి దగ్గర తీరం దాటిన పెనుతుపాను నవంబరులో వచ్చింది, దీపావళి వెళ్ళి రెండు వారాలన్నా కాకముందే.

ఈ గాలికి ఉప్పు నీరు కారుతుంది, బెల్లం చెమరుస్తుంది, కరకరలాడేదేదైనా పూట తిరక్కుండా మెత్తబడుతుంది. కనుక పొడిగాలి ఊళ్ళలో రాసిన వంటల పుస్తకాన్ని ప్రమాణంగా తీసుకుని ఈ మూలానికి అర్థం చెప్పరాదు.

ప్రతిపదార్థం

పిండి = అరకిలో మైదా, గుప్పెడు బొంబాయిరవ్వతో కూడినది; తడిపి = నాలుగు చెంచాల వేడి నెయ్యి పోసి, వేళ్ళతో నలిపి, గుప్పిట పడితే ముద్దగా నిలిచేదాకా చూసి, ఆ తరవాత నీళ్ళు చిలకరిస్తూ పూరీపిండి కంటె కాస్త గట్టిగా కలిపి; మూతబెట్టు = తడిగుడ్డ కప్పి అరగంట దాని జోలికి పోకుండా ఉండు; బెల్లం = పావుకిలోకు కొంచెం తక్కువ, తురిమినది; పొడిగా = చేతికి అంటనిదిగా; ఉండాల = ఉండి తీరాలి; పూర్ణం = పావుకిలో పుట్నాలపప్పు పొడి, ఒక చిప్ప ఎండుకొబ్బరి తురుము, వేయించిన గసగసాలు, ఏడెనిమిది యాలకులు, పైన చెప్పిన బెల్లం, వీటి కలయిక; చెంచాడే = చెంచాడు మాత్రమే; అంచు = పూరీ చుట్టుకొన; తడిచేసి = నీళ్ళలో ముంచిన వేలితో ఒక్కసారి రాసి; నొక్కు = గాలి పోనిచ్చి అతికించు; మంట = పొయ్యిది (ఇంట్లో వాళ్ళది అని కూడా కొందరు); తగ్గించు = స్పష్టం; తీసినవి = నూనెలోంచి పైకి తీసినవి; కప్పబాక = కప్పవద్దు; ఒరే అబ్బయా = ఓ మనవడా; నువ్వు = దీని చర్చ చివర వస్తుంది; డబ్బా = బిగువైన మూత గల రేకు డబ్బా; తీసకరా = తీసుకొని రమ్ము.

తాత్పర్యం

కజ్జికాయకు శత్రువు తడి. పిండిలో ఉండవలసిన తడి పిండిలోనే ఉండాలి, పూర్ణంలోకి పోకూడదు. నూనెలో పడ్డాక అది బయటికి పోవాలి, మళ్ళీ లోపలికి రాకూడదు. ఏడు వాక్యాలూ ఈ ఒక్క కాపలాకే.

విశేషాలు

"బెల్లం పొడిగా": తేమ ఉన్న బెల్లం పూర్ణాన్ని ఉండకట్టిస్తుంది, కాగే నూనెలో ఆవిరై కాయను పగలగొడుతుంది. ఈ కాలంలో ఈ ఊళ్ళో కొట్లోంచి తెచ్చిన బెల్లం పొడిగా ఉండదు గనుక, తురిమి పళ్ళెంలో పరిచి ఫ్యాను కింద ఆరబెట్టడం ఆచారం. పుట్నాలపప్పు ఇక్కడ రుచికే కాదు, మిగిలిన చెమ్మ పీల్చడానికి కూడా. పచ్చికొబ్బరి వేయమనేవాళ్ళు ఉన్నారు. రుచికి అది దొడ్డదే. రెండురోజుల్లో తినేసే ఇంటికి ఆ మతం చెల్లుతుంది, బిట్రగుంటలో రైలెక్కించి మద్రాసులో ఉన్న బిడ్డలకు పంపే ఇంటికి చెల్లదు.

దేవుడి ముందు పెట్టేదాకా పూర్ణం రుచి చూడకూడదు. కనుక తీపి కొలత కంటిదే, వాసనదే. గిన్నె పక్కన తిరిగే పిల్లల మూతులకు అంటిన పొడిని మూలకర్త్రి చూడనట్టే ఉంటుంది. దీన్ని అనుమతి అని గాక ఉపేక్ష అని గ్రహించాలి.

"చెంచాడే": ఈ ఏకారం మీద గ్రంథమంతా ఆధారపడి ఉంది. ఆశ కొద్దీ రెండో చెంచా వేస్తే పూరీ సాగి పలచబడుతుంది, పొడి అంచుమీదికి ఎక్కుతుంది. అంచుమీద చిటికెడు పొడి పడ్డా ఆ మేర అతకదు. అతకని చోట నోరు తెరుచుకుని బెల్లం నూనెలోకి జారుతుంది, మాడుతుంది, ఆ చేదు తరవాత వేసే ప్రతి కాయకూ పడుతుంది. ఒక కాయకు వేసిన రెండో చెంచా వాయంతటినీ చెడగొడుతుందన్నమాట.

"నొక్కు": ఇక్కడ రెండు మతాలున్నాయి. అచ్చువాదులు కజ్జికాయల అచ్చులో పూరీ పరిచి, పూర్ణం వేసి, రెండు రెక్కలూ మూసి ఒత్తుతారు. పక్కలకు వచ్చిన పిండిని తీసి మళ్ళీ ముద్దలో కలుపుతారు. అన్నీ ఒక్క కొలతన వస్తాయి, పని చకచకా సాగుతుంది. మెలికవాదులు అచ్చు ముట్టుకోరు. సగానికి మడిచి, అంచు మొదట్లో బొటనవేలితో చిన్న మడత వేసి, ఆ మడత మీద సగం ఎక్కేటట్టు ఇంకొకటి, దానిమీద ఇంకొకటి, తాడు పేనినట్టు కొసదాకా తీసుకుపోతారు. చివరి మడత కాయ అడుగుకు తిప్పి అదుముతారు. చేయి తిరిగినవాళ్ళ వేళ్ళు ఈ పని చేస్తుండగా కళ్ళు పక్కింటావిడ మీద ఉంటాయి.

ఏది సిద్ధాంతం? అచ్చు దంతాలు అరిగిపోతే గీతలు అందంగానే పడతాయి, అతుకు మాత్రం పడదు. పైగా అచ్చులో పొట్ట దగ్గర గాలి మిగిలిపోవచ్చు. ఆ గాలి నూనెలో ఉబ్బి బలహీనమైన చోటు వెతుక్కుంటుంది. మెలికలో అంచు రెండు మూడు పొరలవుతుంది గనుక తెరుచుకోవడం కష్టం. కానీ వేలు తిరగనివాళ్ళ మెలిక కంటె అచ్చు మేలు. మూలంలో "అచ్చు" అని గానీ "మెలిక" అని గానీ లేదు, "నొక్కు" అని మాత్రమే ఉంది. అచ్చులోంచి తీశాక కూడా ఒకసారి వేళ్ళతో అంచు నొక్కుకుంటూ పోయేవాళ్ళు రెండు మతాలకూ ఆమోదయోగ్యులు.

"మంట తగ్గించు": నూనె నూట అరవై, నూట డెబ్బయి డిగ్రీల నడుమ ఉండాలని నేటి లెక్క. అవ్వ దగ్గర థర్మామీటరు లేదు, గోళీ అంత పిండి ఉంది. వేయగానే చివ్వున లేచిందా, నూనె ఎక్కువ కాగింది. అడుగున కూర్చుందా, ఇంకా కాగలేదు. నింపాదిగా పైకి తేలిందా, శనక్కాయల నూనె సిద్ధం. మంట పెద్దదైతే పైన బుడిపెలు లేచి ఎర్రబడుతుంది, లోపలి పొరలో నీరు మిగిలిపోతుంది. సాయంత్రానికి అదే పైకొచ్చి కాయ మెత్తబడుతుంది. మరీ చిన్నదైతే నూనె తాగుతుంది.

"కప్పబాక": మొదటి వాక్యంలో మూతబెట్టు అని, ఆరో వాక్యంలో కప్పబాక అని ఒకే నోట చెప్పడం పరస్పర విరుద్ధం కాదా అని పూర్వపక్షం. కాదు. పచ్చిపిండి తడి పోగొట్టుకోకూడదు గనుక మూత. వేడి కాయ తన ఆవిరిని వదిలించుకోవాలి గనుక మూత లేదు. పూర్తిగా చల్లారాక బయటి ఉప్పుగాలి తగలకూడదు గనుక మళ్ళీ మూత, అదీ బిగువైనది. ఆ మూడో మూత ఏడో వాక్యంలో డబ్బా రూపంలో వస్తోంది. గ్రంథకర్త్రి పూర్వాపరాలు మరిచి మాట్లాడలేదని ఇందువల్ల తెలుస్తున్నది.

పాఠాంతరాలు

కోస్తాలో పలుచోట్ల పూర్ణం రవ్వ, కొబ్బరి, చక్కెర. రాయలసీమ పాఠం పుట్నాలపప్పు బెల్లంతో మన పాఠానికి దగ్గర. తెలంగాణలో ఇవే గరిజెలు. కన్నడ దేశంలో కర్జికాయి, తమిళదేశంలో సోమాసి, మహారాష్ట్రలో దీపావళికి కరంజి. గోవాలో నేవ్రి పేరుతో వినాయకచవితికీ చేస్తారు, క్రిస్మస్‌కూ చేస్తారు. ఉత్తరాదిన గుఝియా అని కోవా కూరి హోళీకి వేయిస్తారు. కోవా పాఠం రుచికి ఘనమైనదే గానీ నిలవకు బలహీనం. తమిళం పోలికలున్న పట్టపు మాట ఇంట్లో మాట్లాడుకునే మత్స్యకార కుటుంబాలు ఈ తీరంలో ఉన్నాయి కనుక సోమాసి పాఠాన్ని పరాయిదని తోసిపుచ్చడం పండితలక్షణం కాదు.

గసగసాలు లేని పాఠం ఒకటి ఈమధ్య వ్యాపించింది. దుబాయి ఉన్న ఎమిరేట్లలో, సౌదీ అరేబియాలో, సింగపూరులో గసగసాలు నిషిద్ధం. నల్లమందు మొక్క గింజలు కావడమే కారణం. అక్కడికి పోయే పెట్టెలో పెట్టే కాయలను గసగసాలు కలపకముందే తీసిన పూర్ణంతో విడిగా చేయాలి. కలిపాక ఏరడం మానవసాధ్యం కాదు. కనుక దీన్ని లేఖక దోషంగా గాక విమానాశ్రయ పాఠంగా పరిగణించాలి.

కర్తృనిర్ణయం

ఇక అసలు చిక్కు. మూతబెట్టు, పెట్టు, నొక్కు, తగ్గించు, కప్పబాక: ఐదూ విధిక్రియలు, ఐదూ ఏకవచనాలు, ఐదింటికీ కర్త లోపించాడు. వ్యాకరణం ప్రకారం "నువ్వు" అని అధ్యాహారం చేసుకోవాలి. వీడియోల్లో వంట నేర్చినవాళ్ళు ఈ ఐదు నువ్వులూ ఒక్కరేనని అన్వయించారు. తెరమీద రెండు చేతులే కనబడతాయి మరి. ఆ అన్వయం పొసగదు. కారణాలు వంటింట్లోనే ఉన్నాయి.

ఒత్తిన పూరీ గాలికి వదిలేస్తే పైన పొర కడుతుంది, పొర కట్టిన అంచు తడిచేసినా అతకదు. కనుక ఒత్తిన వెంటనే నింపాలి. నింపిన కాయ ఎక్కువసేపు పళ్ళెంలో ఉంటే బెల్లం పిండిలోని తడి లాక్కుని అడుగు చెమ్మగిల్లుతుంది, నూనెలో పగులుతుంది. కనుక నింపిన వెంటనే వేయించాలి. కాగిన నూనె ఊరికే ఉంటే పొగలు కక్కుతుంది. కనుక ఒక వాయ తీసేసరికి మరో వాయ సిద్ధంగా ఉండాలి. ఒక్కరే ఒత్తి, నింపి, నొక్కి, వేయించడం నాలుగైదు కాయలకు కుదురుతుంది, నలభైకి కుదరదు. ఒత్తడానికి కోడలు, నింపడానికి మనవరాలు, మెలికకు పక్కింటి పిన్నమ్మ, మూకుడు దగ్గర పెద్దకోడలు. ఒక్కొక్క క్రియ ఒక్కొక్కరి ముఖం చూసి పలికినది. క్రియలు ఏకవచనాలే, కర్తలు బహువచనం.

దీనికి మరో ప్రమాణం ఉంది. హైదరాబాదు నుంచి మనవరాలు ఫోను చేసి "అవ్వా, మైదా ఎంత పొయ్యాలా?" అని అడిగితే, అవ్వ కొలత చెప్పదు. "యింట్లో ఎంతమంది ఉండారు?" అంటుంది. తినేవాళ్ళ లెక్క అనుకుని "ఇద్దరం" అంటుంది పిల్ల. "చేసేదానికి?" అని అవ్వ మళ్ళీ అడుగుతుంది. నలుగురైతే అరకిలో, ఇద్దరైతే పావుకిలో. ఒక్కతే అంటే "కొట్లో కొనుక్కోమ్మా, పొయ్యి కాడ అగచాట్లు పడబాక" అంటుంది, కోపంతో కాదు. పిండి కొలతకు ప్రమాణం చేతుల లెక్కేనని దీనితో తేలుతున్నది. మిఠాయి కొట్టును అవ్వ ఎన్నడూ నిందించకపోవడానికి కారణం కూడా ఇదే: అక్కడ చేతులు ఎక్కువ.

"నువ్వు" శబ్ద విచారం

ఐదు క్రియలకు కనబడని కర్త ఆరోదానికి మాత్రం సంబోధనతో సహా ప్రత్యక్షమయ్యాడు. ఎందుకు? తక్కిన ఐదు పనుల్లోకి అతను రాకుండా ఉండటానికని ప్రాచీనులు. డబ్బా అటకమీద ఉంది. స్టూలు వెతకాలి, ఎక్కాలి, దింపాలి, పోయిన పండగ నలకలు తుడవాలి, ఎండ లేదు కనుక పొడిగుడ్డతో ఆరదుడవాలి, అడుగున పేపరు పరవాలి. ఎంత లేదన్నా అరగంట. ఆ అరగంటలో మైదా ముద్ద ఎవరి వేలూ పడకుండా నానుతుంది. మూలకర్త్రి ఈ లెక్క వేసే పలికిందని ధ్వని.

దీన్ని తిరస్కారంగా తీసుకునే టీకాకారులు లేకపోలేదు. వారు ఏడో వాక్యాన్ని తక్కినవాటినుంచి విడదీసి చదివినవారు. డబ్బా మూత వదులుగా ఉంటే మొదటి ఆరు వాక్యాలూ, నలుగురి చేతులూ, రెండో రోజుకు వ్యర్థం. కనుక డబ్బా తెచ్చేవాడూ కర్తే. అతన్ని ప్రత్యేకించి పిలవడం వేరే కారణం వల్ల: తక్కిన నలుగురూ పిలవకముందే వచ్చి కూర్చున్నారు.

ఇది శ్రీపొట్టిశ్రీరాములు నెల్లూరు జిల్లాంతర్గత జువ్వలదిన్నె వాస్తవ్యుడు, అటకారోహణ దక్షుడు, డబ్బావాహకుడు రచించిన కరకరాఖ్యమైన టీక. చదివినవారు ఒక వాయకు చేయి వేయగలరు. పగిలిన కాయలు ఆచారం ప్రకారం టీకాకారుడికి చెందుతాయి.